తీగ కదిలినంకనే లెక్క

నిన్న పొద్దున అమీర్‌పేటలో మెట్రో మారుతుంటే ఫోన్ మోగింది. మా సార్ ఇక లేరని వాళ్లమ్మాయి చెప్పింది. మెట్ల మీదే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది. అయినా ఆయన శిష్యురాలినని చెప్పుకోవడానికి ఆ క్షణంలో కూడా గర్వంగానే అనిపించింది. ఎందుకో మీకూ చెప్పాలి.

సార్ ఇల్లు పంజగుట్టలో. జ్ఞాపకం మెదడులో ఎలా కుదురుకుంటుందన్నదే జీవితమంతా ఆయన వెంటపడిన ప్రశ్న. నేను తెనాలి నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ ఆయన దగ్గర పరిశోధనకు చేరాను. మొదటి పాఠం ల్యాబులో కాదు, పంజగుట్ట సిగ్నల్ దగ్గర, ఆయన స్కూటర్ వెనక సీటు మీద విన్నాను.

"ఎనకోడు హారన్ కొట్టంగనే ముందోడు కదిలిండనుకో, ఇద్దరికి దోస్తీ కుదిరినట్టే. ముందోడు కదిలినంక కొడితే? గా హారన్ ఎవడు పట్టించుకుంటడు? మెదడుల కణాలు సుత గంతే బిడ్డా."

ఒక కణం పలికిన వెంటనే, అంటే విద్యుత్ సంకేతం పంపగానే, రెండోది పలికితే వాటి మధ్య బంధం బలపడుతుంది. వరస తిరగబడితే అదే బంధం సడలుతుంది. తేడా అంతా సెకనులో వెయ్యో వంతుల్లోనే. పళ్లెంలో పెట్టిన మెదడు ముక్కలో ఇది చక్కగా కనిపిస్తుంది. బతికున్న మెదడులోనూ ఇలాగే జరుగుతుందా అని చూడడమే మా పని. "ముక్క మన మాట వింటది. బతికున్న మెదడు దాని ధ్యాసల అది ఉంటది. జర ఓపిక పట్టాలె" అనేవారు. అమీర్‌పేట సందులో ఛాయ్ తాగుతూ మేం ఏ గొడవ చెప్పుకున్నా, ముందు "ముందుగాల ఏమైంది?" అనే అడిగేవారు.

మత్తులో ఉన్న ఎలుక మీసాన్ని సన్నని తీగతో కదిపితే దాని మెదడులో ఒక కణం పలుకుతుంది; ఆ వెంటనే దాని జత కణాన్ని మేం పలికించేవాళ్లం. బంధం బలపడాల్సింది, సడలుతూ వచ్చింది! బతికున్న మెదడులో నియమం తలకిందులవుతోందని పొంగిపోయాం. సార్ ఒక పెద్ద సభలో ప్రకటించారు కూడా. నా థీసిస్ మొత్తం దాని మీదే నిలబడింది. ఆయనకు మాత్రం మనసు కుదుటపడలేదు.

"మంచి ఫలితమొస్తేనే ఎక్కువ ఫికర్ చేయాలె."

ఒక ఆదివారం ఎలుక లేకుండా ఉత్త తీగనే ఆడించి, దాని కింద, తీగ కదిలితే మారే వెలుతురును పసిగట్టే చిన్న సెన్సర్ పెట్టి చూశారు. స్క్రీన్ మీద రెండు గీతలు వచ్చాయి. ఒకటి కంప్యూటర్ ఆజ్ఞ ఇచ్చినప్పటిది, రెండోది తీగ నిజంగా కదిలినప్పటిది. రెండోది ఆలస్యంగా ఉంది. మేమేమో ఆజ్ఞ ఇచ్చిన క్షణాన్నే పట్టుకుని కూర్చున్నాం. తీగ మీసాన్ని కదిపేలోపే అక్కడ రెండో కణం పలికేసింది. తలకిందులైంది నియమం కాదు, మా వరసే.

"ఏంటి సార్ ఇది? నా థీసిస్ ఏమైపోతుంది?" అని ఏడ్చేశాను.

"మల్ల చేద్దాం బిడ్డా. నీ చెయ్యి ఖరాబు కాలే. నా లెక్క ఖరాబైంది."

మళ్లీ చేసిన ప్రయోగాలు గుట్టుగా ప్రకటిస్తే చాలు, పాత సంగతి ఎత్తొద్దని తోటివాళ్లు సలహా ఇచ్చారు. సార్ వింటేగా! మరుసటేడు అదే సభలో లేచి నిలబడ్డారు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, అసలు మాట దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి వచ్చేశారు. "నిరుడు నేను చెప్పింది తప్పు. పని చేసిన పిల్ల తప్పు కాదు, చూసుకోని నా తప్పు." వెనక వరసలో నేను తలెత్తుకుని కూర్చున్నాను. జీవితంలో అంత గర్వపడ్డ రోజు మళ్లీ రాలేదు.

కొత్త ప్రయోగాల్లో బంధం కొద్దిగానే బలపడింది. కొన్ని ఎలుకల్లో అదీ లేదు. ఉన్నదున్నట్టు రాయించారు. నా పట్టా ఆలస్యమైంది కానీ, థీసిస్‌లో ఒక్క వాక్యాన్నీ ఎవరూ కదపలేకపోయారు. ఆ తర్వాత మా ల్యాబులో ఏ రోజైనా పని మొదలయ్యేది ఉత్త తీగతోనే. "కంప్యూటర్ చెప్పిందని కాదు, తీగ కదిలినంకనే లెక్క" అనేవారు.

ఇవాళ పంజగుట్టలో ఆయనకు వీడ్కోలు చెప్పి, నేరుగా నా ల్యాబుకు వెళ్లాను. సార్‌ను ఎన్నడూ చూడని కొత్త విద్యార్థిని, అమలాపురం అమ్మాయి, ఎలుకను తేకముందే తీగ కింద సెన్సర్ పెట్టి స్క్రీన్ మీదికి వంగి ఉంది.

"మొదలుపెట్టావా?" అన్నాను.

ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

"కదిలినంకనే లెక్క కదా మేడం" అంది, నా వైపు చూడకుండానే. ఆమె వేలు రెండో గీత కోసం ఎదురుచూస్తోంది.