సుమలత ఇచ్చిన రికార్డు

జగిత్యాల డిగ్రీ కాలేజీలో సుమలత ఫిజిక్స్ రికార్డు చూసి రాసుకోనివాళ్లు తక్కువ. దొరల ఇంటి శ్రీకర్ రావు మూడేళ్లూ దానితోనే గట్టెక్కాడు. అడిగితే కాదనడం ఆమెకు చేతకాదు.

పదేళ్ల తర్వాత ఇద్దరూ విదేశంలో ఎంబీఏకు ఒకే కాలేజీ ఎంచుకున్నారు. స్కాలర్‌షిప్ వస్తేనే సుమలత తన నాలుగేళ్ల కూతురితో పోగలదు. దరఖాస్తుతో పాటు నాయకత్వం గురించి వ్యాసం అడిగారు. కోరుట్లలో తన తల్లి లచ్చవ్వ బీడీలు చేసే కార్ఖానాలో, వాటిలో నింపడానికి ఇచ్చే తంబాకు తక్కువ తూస్తుంటే, తాను ఆడవాళ్లను కూడగట్టి, సొంత కాంటా పెట్టించి, కళ్లముందే తూయించిన సంగతి రాసింది.

"ఒక్కసారి చూపియ్యి సుమా, ఎట్ల రాయాల్నో తెలుస్తది," అన్నాడు శ్రీకర్. రికార్డు ఇచ్చినట్టే ఇచ్చేసింది.

పాపకు జ్వరమొచ్చి ఆమె దరఖాస్తు రెండో విడతకు వెనకబడింది. శ్రీకర్ మొదటి విడతలోనే సీటు కొట్టాడు. ఏప్రిల్లో ఆమెకు జవాబొచ్చింది. అదే వ్యాసం ఇదివరకే మరొకరి పేరుతో వచ్చిందట, అందుకని దరఖాస్తును తిరస్కరించారట. అది తనదేనని రాస్తే రుజువు చూపమన్నారు.

ఆమె శ్రీకర్‌కు ఫోన్ చేసింది.

"గది మా అమ్మోళ్ల కథ గదా శ్రీకర్!"

"కాలేజీల గూడ నీ రికార్డే గద నేను రాసుకున్నది. గప్పుడు ఏమనకపోతివి," అన్నాడతను, నిజంగానే ఆశ్చర్యపోతూ.

అంతా విన్న లచ్చవ్వ బీడీ ఆకు కత్తిరించడం ఆపలేదు.

"తంబాకు గింతంత తక్కువుంటె పట్టుకుంటివి బిడ్డా. నీదంత ఎత్తుకపోతుంటె సూడకపోతివి."