ఎదురు గిర్నిల గరగర

ఎవ్వరికీ చెప్పొద్దనే అనుకున్న. కానీ నిన్న కొత్తపేటల మా గల్లీ మొత్తం నిలవడి చూసింది, ఇగ మీకు చెప్తే కొత్తగా పోయే ఇజ్జత్ ఏం లేదు. చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

నాకు గిర్ని ఉన్నది గదా. పిండి, కారం, పసుపు పట్టుడు. నల్గొండ కెల్లి ఒచ్చినప్పటి సంది గిదే పని. మొన్న దసరాకు సరిగ్గా నా ఎదురుంగనే సాంబశివరావు అని తెనాలి ఆయన కొత్త గిర్ని తెరిచిండు. తెరిస్తే తెరిచిండు! అద్దాల తలుపులెందుకు? గిర్నికి ఎవడన్న అద్దాలు పెడ్తడా? కూసునెతందుకు మెత్తటి కుర్చీలు, పైన ఫ్యాను. గోధుమలు పట్టిచ్చుకునెతందుకు ఒస్తున్నరా, పెండ్లిచూపులకు ఒస్తున్నరా? నా దగ్గర ఉన్నది ఒక్కటే స్టూలు. దానిమీద గూడ నేనే కూసుంట.

కుళ్లు అంటే కుళ్లే, దాచుడెందుకు! ఆ తలుపు తెరుసుకున్నప్పుడల్లా నా కడుపుల మంట. ఆఖరికి సైదాబాద్‌ల ఉండే మా అత్తమ్మ సుత ఆడికే పోతున్నదని నాకు డౌటు. ఇదివరకు నెలనెలా డబ్బా పట్టుకొని నా దగ్గరికొచ్చేది, ఇప్పుడు రాకడ బంద్. మా ఇంటామె పద్మనడిగితే, "మా అమ్మ ప్యాకెట్ పిండి కొంటున్నది, నీకేమొచ్చింది?" అంటది. కొత్తిమీర కట్ట కోసం రైతుబజారంతా తిరిగే మనిషి ప్యాకెట్ పిండి కొంటదా?

గిట్ల మండుతుండంగ, పోయిన వారం నా గుమ్మంల నిలవడ్డ. ఎదురుంగ కెల్లి సప్పుడు. గర్... గర్... గర్...

నా పానం లేసొచ్చింది! అది బేరింగు సప్పుడు. బేరింగంటే తెలుసు గదా, రెండు స్టీలు రింగుల నడుమ గోలీలు తిరుగుతుంటయి, దాని మీదనే మిషన్ షాఫ్ట్ అంతా తిరుగుతది. గోలీలు అదే దారిల లక్షలసార్లు పోతయి. పైకి చూస్తే అద్దం లెక్క మెరుస్తది. కానీ లోపల్లోపల స్టీలు అలిసిపోయి సన్నటి పగులు పుడ్తది. ఒకరోజు చిన్న పొక్కు ఊడి గుంత పడ్తది. ఊడిన ముక్క మళ్ల గోలీల కిందనే పడి ఇంకిన్ని గుంతలు చేస్తది. అప్పుడొస్తది గీ గరగర. ఇగ ఆ బేరింగు ఎక్కువ రోజులుండదు.

తెనాలి మిషన్ పోతున్నది! ఆ రాత్రి నేను ఒక రొట్టె ఎక్కువ తిన్న.

మర్నాడు నా మిషన్ బంద్ చేసి, స్క్రూడ్రైవర్ పట్టుకొని ఎదురుంగ పోయిన. మాకు అదే స్టెతస్కోపు. కొన బేరింగు డబ్బా మీద ఆనిచ్చి, పిడి చెవుకు పెట్టుకుంటె లోపలి సంగతంతా ఇనస్తది.

"మీ మిషన్ ఎట్ల నడుస్తుందో చూద్దామని ఒచ్చిన" అన్న.

"ఎంత మంచివారండీ! చూడండి, చూడండి" అని ఆయనే మూత జరిపిండు.

చెవు పెట్టి ఇన్న. సల్లగ, నూనె పోసినట్టు నడుస్తున్నది. గరగర ఏది? బయటికొచ్చి నా మిషన్ చాలు చేసి గుమ్మంల నిలవడ్డ. మళ్ల గర్... గర్... అప్పుడు నాకు సమజైంది. నన్ను చూడంగనే మిషన్ స్పీడు తగ్గిచ్చిండు! ఎంత తెలివి!

నిన్న ఆదివారం. కర్రీ పాయింట్ సత్తెమ్మక్క ఆటోల మిర్చి బస్తాలేసుకొని దిగింది. ఏడాదికి సరిపోయే కారం. నిరుడు నా గిరాకీనే. నిన్న మాత్రం అద్దాల తలుపు దిక్కు నడుస్తున్నది!

"అక్కా, ఆడికి పోతవా? జర ఆ సప్పుడు ఇను" అన్న.

ఆగి ఇన్నది. "అవ్ తమ్మీ, గరగర అంటున్నది. ఏందది?"

"బేరింగు పోతున్నది. ఇనుప పొడి నీ కారంల పడ్తది."

అసలు బేరింగు బయటుంటది, కారంల ఎట్ల పడ్తది? కానీ నోట్లకెల్లి వచ్చేసింది. ఆమె భయపడి బస్తాలన్నీ నా గిర్నిల దింపిచ్చింది. నేను ఎదుటాయన దిక్కు చూసి మీసం దువ్విన.

సగం మిర్చి పట్టిన. ఒక్కసారే కీఁయ్‌మని అరుపు! షాఫ్ట్ పట్టేసింది. బెల్టు జారి పొగలు. గల్లీ అంతా దగ్గులే దగ్గులు. నా మిషన్ సప్పుడు ఆగంగనే ఎదురుంగ గరగర సుత ఆగింది. ఆయన మిషన్ మాత్రం సల్లగ నడుస్తనే ఉన్నది!

అప్పుడెలిగింది బల్బు. నా గరగరనే ఆ కొత్త అద్దాలకు తగిలి నాకు మళ్లొస్తున్నది. లోపల నా చెవులకు అది అలవాటైపోయింది.

సత్తెమ్మక్క కొంగు ముక్కుకు పెట్టుకొని అర్సింది. "తమ్మీ, ఇనుప పొడి నా కారంల పడ్డదా?"

"లేదక్కా, బేరింగు బయటుంటది. అస్సలు పడదు."

"మరి ఇందాక పడ్తదంటివి?"

ఆదివారం, కొత్త బేరింగు కొందామంటే దుకాణాలన్నీ బంద్. ఆమెకు పొద్దుగూకే లోపల కారం కావాలె. మిగిలిన బస్తాలు నా నెత్తి మీదనే పెట్టుకొని, గల్లీ దాటి, ఆ అద్దాల తలుపు తోసుకొని లోపలికి పోయిన.

"రండి యాదగిరి గారూ! చెమటలు పట్టేశాయి, ఇలా ఫ్యాను కింద కూర్చోండి" అన్నడు సాంబశివరావు. కూసున్న. ఆ కుర్చీ ఎంత మెత్తగున్నదో! అది ఇంకో మంట.

"వారం నుంచి మీ మిషన్ చప్పుడు చేస్తోందండీ. చెబుదామనే అనుకున్నాను. కానీ స్క్రూడ్రైవర్‌తో బేరింగు నాడి చూసే మనిషికి నేను చెప్పడమేంటని ఊరుకున్నాను."

ఎగతాళి చేసినా బాగుండు. నిజంగనే మర్యాదగ అన్నడు!

అంతల అద్దాల తలుపు తెరుసుకున్నది. కొంగు కింద డబ్బా దాచుకొని, మొఖం పక్కకు తిప్పుకొని మా అత్తమ్మ! నన్ను చూసి గడపల్నే ఆగింది. నన్ను చూసింది, నేను కూసున్న కుర్చీని చూసింది, నా బస్తాలు చూసింది. కొంగు తీసి డబ్బా బయటపెట్టింది.

"ఏందల్లుడా, నువ్వు సుత ఈడనే పట్టిస్తున్నవా! మరి నాకో మాట చెప్తే అయిపోతుండె గదా. ఇన్ని నెలల సంది దొంగ లెక్క ఎనక గల్లీ కెల్లి తిరిగొస్తున్న!"

లేసి కుర్చీ ఆమెకిచ్చి, డబ్బా అందుకొని, లైన్ల నా బస్తాల ఎనక పెట్టిన.