సలోమి టీచర్ నేర్పిన పూచీకత్తు

ఆబిడ్స్‌లో జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం తగిలినప్పుడల్లా నాకు సలోమి టీచర్ గుర్తొస్తారు. మొన్న నా ముందు నిలబడ్డ తల్లీకూతుళ్ళు ఎవరి వీసాకో హామీపత్రం నకలు తీయించుకుంటున్నారు. "ఇందులో ఏం రాసుందే?" అని తల్లి అడిగింది. "ఏముంటుందమ్మా, అన్నీ ఒకటే, సంతకం పెట్టెయ్" అంది కూతురు. టీచర్ ఉంటే ఆ పిల్లను అక్కడే స్టూలు మీద కూర్చోబెట్టి మొదటి పంక్తి నుంచి చదివించేవారు. నన్ను చదివించారు కాబట్టి చెబుతున్నాను.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆవిడది మెదక్. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు, పెళ్ళి చేసుకోలేదు. బడిలో అచ్చుపుస్తకంలా మాట్లాడేవారట, ఇంట్లో మాత్రం పుట్టిన ఊరి మాటే. మాది బందరు వైపు కుటుంబం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తాతగారి ఉద్యోగంతోపాటు మావాళ్ళు ఇక్కడికొచ్చారు. మా ఇంట్లో సంతకమంటే పామును చూసినట్టు చూసేవారు. నాన్న ఒకప్పుడు తోటి గుమాస్తా అప్పుకు హామీ ఉన్నారు. ఆ పెద్దమనిషి చెప్పాపెట్టకుండా ఊరు దాటేశాడు. నాన్న జీతంలో ఏళ్ళ తరబడి కోత పడింది. అప్పటినుంచి "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నది మాకు నిత్యపారాయణం. నేనూ ఆ పాఠం బాగానే వంటబట్టించుకున్నాను.

తొంభైల చివర్లో టీచర్ ఇంటి పైగదిలో పీటర్ అద్దెకుండేవాడు. సూడాన్ దేశం నుంచి వచ్చి ఇక్కడ ఫార్మసీ చదువుతున్నాడు. అరుగు మీద కూర్చోవాలంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పొడుగు. తెలుగు ప్రసంగం ఒక్క ముక్క అర్థం కాకపోయినా ప్రతి ఆదివారం టీచర్ వెంట చర్చికి వెళ్ళి చివరి బల్ల మీద కూర్చునేవాడు. చివరి సంవత్సరంలో ఉండగా వాళ్ళ దేశంలో యుద్ధం ముదిరి, ఇంటి నుంచి డబ్బు ఆగిపోయింది, ఉత్తరాలూ ఆగిపోయాయి. అంతలో వీసా గడువు దగ్గరపడింది. పొడిగించాలంటే అతని పోషణకు ఇక్కడివారెవరైనా పూచీ ఉండాలనీ, ఆ పూచీ ఉన్నవారికి తగిన ఆదాయం ఉందని రుజువు చూపాలనీ వీసా కార్యాలయంలో చెప్పారు. లేకపోతే పరీక్షలు రాయకుండానే వెళ్ళిపోవాలి. వెళ్ళడానికి అతనికి ఊరు మిగిలిందో లేదో కూడా తెలియదు.

టీచర్ ఆ పత్రం తెచ్చుకుని మా అరుగు మీద కూర్చున్నారు. ఆవిడకు ఇంగ్లీషు రాక కాదు, పైకి చదివితే గానీ ఏ కాగితాన్నీ నమ్మరు. నేను ఒక్కొక్క షరతు చదువుతుంటే ఆవిడ దాన్ని ఇంటి మాటల్లోకి దించుకునేవారు.

"పోషణ అంటే పొద్దుగాల చాయ్, రెండు పూటల బువ్వ. నేను తినేదే పెడత. వైద్యం అంటే జ్వరమొస్తే దవాఖానకు తోల్కపోవుడు. వాపస్ పోయే టికెట్ కూడా మనదేనా?"

"మనదే టీచర్. అతను ఇల్లు మారినా మీరే తెలియజేయాలి."

"వాడు నాకు చెప్పకుండ యాడికి పోతడు? రాయి బిడ్డా, నా పేరు రాయి."

పింఛను తప్ప వేరే ఆధారం లేని మనిషి. తాను దూర కంత లేదు, మెడకో డోలు అని లోపల అనుకున్నాను. పైకి మాత్రం పేరు రాసి పెట్టాను.

ఆ ఆదివారం చర్చిలో పీటర్ కాగితాల కోసం ప్రార్థన చేయమని టీచర్ అడిగారు. అక్కడి స్త్రీల సమాజం వాళ్ళు ప్రార్థనతో ఊరుకునే రకం కాదు. వాళ్ళలో పెద్ద ఏస్తేరమ్మ. బ్యాంకులో ఎంట్రీలు వేయించుకొస్తానని చెప్పి ఆవిడ టీచర్ పాస్‌బుక్ తీసుకెళ్ళింది, కార్యాలయానికి వెళ్ళే రోజు పొద్దున కవర్లో పెట్టి తెచ్చిచ్చింది. నేను సగం రోజు సెలవు పెట్టి టీచర్‌కు తోడు వెళ్ళాను. కౌంటరు దగ్గర అధికారి కవరు తీసి, పాస్‌బుక్ చివరి పేజీ చూసి తలెత్తాడు.

"నిన్నగాక మొన్న గిన్ని పైసలు ఎట్లొచ్చినయమ్మా?"

టీచర్ కళ్ళజోడు సర్దుకుని చూశారు. సంగతి నాకు వెంటనే అర్థమైంది. కుట్టుపని చేసేవాళ్ళూ నర్సులూ ఆయాలూ తలా కొంత వేసి, ఆవిడకు చెబితే ఒప్పుకోరని చెప్పకుండా ఖాతాలో జమ చేశారు. పూచీకి అడ్డంపడేది ఇలా హఠాత్తుగా వచ్చిపడ్డ డబ్బేనని పాపం వాళ్ళకు తెలియదు. బహుమతి అని చెప్పమని మోచేత్తో పొడిచాను. ఆబిడ్స్‌లో వీసా కాగితాలు జిరాక్స్ తీయించుకునేవాళ్ళంతా చెప్పే మాటే అది.

"సార్, ఇవి నాయి కావు" అన్నారు టీచర్. "మా చర్చి ఆడోళ్ళు వేసినట్టున్నరు. నాకు చెప్పలే."

అధికారి పాస్‌బుక్ మూసి తిరిగిచ్చాడు. "గిసుంటి పాస్‌బుక్కులు రోజూ వస్తయమ్మా. నాయి కావని చెప్పినోళ్ళు మీరొక్కరే."

"అయితే మంజూరు చేస్తరా?"

"చెయ్యలేను. మీ పింఛన్ సరిపోదు. నెలనెలా జీతమొచ్చేటోళ్ళు ఎవలన్నా ఉంటే నెలాఖరు లోపల తీస్కరండి. లేకుంటే పిలగాడు పోవాలె."

బయటకొచ్చి హోటల్లో చాయ్ తాగాం. టీచర్ నా వైపు చూడలేదు. నాకు నెలనెలా జీతం వస్తుందని ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలుసని నాకూ తెలుసు. ఆవిడ చాయ్ మెల్లగా తాగి, సాసర్‌లో ఒలికింది కూడా తాగి, ఖైరతాబాద్ బస్సు ఎన్నింటికుందని అడిగారు. ఏస్తేరమ్మ ఇల్లు అక్కడే. దారిలో బ్యాంకులో టీచర్ తీసిన ఆ డబ్బు తిరిగివ్వడానికి నేనూ వెంట వెళ్ళాను.

ఏస్తేరమ్మకు కోపం వచ్చింది. "మేమేమన్న దొంగతనం చేసినమా టీచర్?"

"చెయ్యలే, మంచే చేసిన్రు. గని పూచీ అంటే మనకున్నది చూపెట్టుడు. లేని గోడను ఉన్నదని చెప్తే పిలగాడు ఆనుకొని పడిపోతడు."

ఆ మాట నన్ను ఉద్దేశించి అన్నది కాదు. కానీ ఆ వారమంతా నన్ను నిలవనీయలేదు. ఆఫీసులో కూడికలు తప్పాయి. చివరికి ఒక సాయంత్రం ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "నన్నెందుకు అడగలేదు టీచర్?" అన్నాను. నా గొంతులో కాస్త ఉక్రోషం కూడా ఉంది.

"పూచీ అడిగి తీస్కునేది కాదు బిడ్డా. నేనడిగితే నువ్వు నా మొకం చూసి పెడతవ్. వాని మొకం చూసి పెట్టాలె గదా."

మర్నాడు నన్నూ పీటర్‌నూ భోజనానికి పిలిచారు. ఎవరికి సంతకం పెట్టాలన్నా ముందు వాళ్ళతో కలిసి అన్నం తినాలన్నది ఆవిడ పద్ధతి. అంతకాలం గోడకవతల ఉన్నవాడితో నేను పలకరింపులు తప్ప మాట్లాడిందేమీ లేదు. పీటర్ చుక్కకూర పప్పు మూడోసారి వడ్డించుకుని, తనకొచ్చిన నాలుగు తెలుగు మాటల్లో రెండు వాడి "టీచరమ్మా, చాలు" అన్నాడు. వాళ్ళమ్మ కూడా ఇలాంటి పుల్లటి ఆకుకూర వండేదని ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె ఇప్పుడెక్కడుందో తెలియదని కూడా చెప్పి, కంచంలో మిగిలింది వేలితో ఊడ్చుకుని తిన్నాడు. ఆ రాత్రి పత్రంలో నా పేరు రాసుకున్నాను.

నాన్నకు చెప్పక తప్పలేదు. "కోరి కొరివితో తల గోక్కుంటానంటే నేనేం చెయ్యను?" అని మొహం తిప్పుకున్నారు. సాక్షి సంతకానికి ఆఫీసులో ఎవరినైనా అడుగుదామనుకున్నాను. పొద్దున్నే చూస్తే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. కౌంటరు దగ్గర ప్రతి షరతూ తానే చదువుకుని సాక్షి సంతకం పెట్టారు. ఆయన మీద నాకంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

పీటర్ పరీక్షలు రాసి పాసయ్యాడు. సూడాన్ పక్క దేశంలో శరణార్థుల శిబిరంలో మందులిచ్చే ఉద్యోగం దొరికి వెళ్ళాడు. నా సంతకం వల్ల నాకు వచ్చిన నష్టం ఏమీ లేదు.

కొన్నేళ్ళకు టీచర్‌కు గుండె జబ్బు చేసింది. ఆసుపత్రిలో చేర్చుకునేముందు పూచీ ఎవరని కౌంటరులో అడిగారు. నేను పెన్ను తీసి పెట్టబోయాను.

"చదివినవా?" అన్నారు, పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న టీచర్.

"తర్వాత చదువుతాను టీచర్."

"ఇప్పుడే చదువు. నా గురించే గదా."

వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటున్నారు. ఖర్చులు, ఆపరేషను, రక్తం, ఒక్కొక్కటీ ఇంటి మాటల్లో చెప్పుకుంటూ వచ్చాను. చివరి షరతు దగ్గర ఆగిపోయాను. జరగరానిది జరిగితే శరీరాన్ని స్వాధీనం చేసుకోవలసిన బాధ్యత సంతకం చేసినవారిదేనని ఉంది. ఆవిడ కాగితం తనవైపు తిప్పుకుని చదువుకున్నారు.

"గంతేనా? నన్ను ఇంటికి తోల్కపోతవని రాసిన్రు. పెట్టు బిడ్డా."

పెట్టాను. ఆసారి ఆవిడ నడుచుకుంటూనే ఇంటికొచ్చారు. మరుసటి వానాకాలం మళ్ళీ అదే ఆసుపత్రికి వెళ్ళాం. అప్పుడు పత్రంలో రాసినట్టే ఆవిడను ఇంటికి తీసుకొచ్చాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

మా ఆఫీసులో ఎవరికైనా హామీ కావలసివస్తే ఇప్పుడు నా దగ్గరికే వస్తారు. ఇంటికి పిలిచి అన్నం పెడతాను, షరతులన్నీ పైకి చదువుతాను, మోయగలిగితే పెడతాను, మోయలేకపోతే మోయలేనని చెబుతాను. అవతలివాళ్ళు అడిగేదాకా ఆగకుండా ఉండటం ఒక్కటే నాకింకా పూర్తిగా చేతకాలేదు.