మా ఆయన అడగని బండి

రెండో కారు కొనడానికి నా దగ్గరకి వచ్చే మగవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీదే బతుకుతున్నాను, కాదనను. వినుకొండలో నరసరావుపేట రోడ్డు మీద పాత కార్లు కొని, బాగుచేసి అమ్ముతాను. పదిహేడేళ్ళుగా ఇదే పని. మొదటి కారు కొనేవాడు కాస్త బుద్ధిగానే ఉంటాడు. మైలేజీ అడుగుతాడు, వెనక సీట్లో పిల్లలు పడతారా లేదా చూసుకుంటాడు. అదే మనిషి రెండో కారుకి వచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వస్తాడు. "రోజూ అలా దగ్గర్లో సరదాగా తిరగడానికి మాలిక్" అంటాడు. దగ్గర్లో అంటే టీకొట్టు. చీమకుర్తి గ్రానైటు ఆసామి ఒకాయన టాపు లేని జీపే కావాలని పట్టుబట్టి కొన్నాడు. ఇంటి నుంచి క్లబ్బుకి ముప్పావు కిలోమీటరు. నాలుగు రోజులు లారీల వెనక తిరిగేసరికి పిండిమరలోంచి బయటికొచ్చినవాడిలా తయారయ్యాడు. అయిదో రోజు టాపు వేయించమని తీసుకొచ్చాడు. వేసి పంపించాను.

ఇలాంటి వాళ్ళ మధ్యలో, మొన్నటి ఏడాది నవంబర్లో, కోటిరత్నం గారు వచ్చింది. చీర కుచ్చిళ్ళకి నల్లరేగడి మట్టి, చేతిలో పురుగుమందు కొట్టువాడిచ్చిన సంచి. "రెండో కారు కావాలి మాలిక్" అంది. నేను ఆమె వెనక్కి చూశాను, మగాళ్ళెవరైనా వచ్చారేమోనని.

"అన్నగారు రాలేదా అక్కా?"

"ఆయనకి మొదటి కారుంది" అంది.

ఆ మొదటి కారు సంగతి నాకు తెలుసు. సర్వీసుకి నా దగ్గరకే వస్తుంది. తెల్ల ఇన్నోవా. ఏడాదికి ఆరు పెళ్ళిళ్ళకీ ఒకసారి తిరుపతికీ వెళ్ళి, మిగతా రోజుల్లో గుడ్డ కప్పుకుని పడుకుంటుంది. గుడ్డ తీసే హక్కు ఆమె భర్త రామాంజనేయులు గారిది. ఆయన మండల మిర్చి రైతుల సంఘానికి కార్యదర్శి. మిర్చి ధర తగ్గినప్పుడల్లా టీవీల వాళ్ళ ముందు నిలబడి, గుప్పెడు కాయలు ఎత్తి చూపిస్తూ "రైతు కన్నీళ్ళు ఎవరికి పట్టాయండీ" అంటాడు. ఆ కాయలు ఎవరు పండించారో మాత్రం ఏ టీవీవాడూ అడగలేదు.

పండించేది ఈమె. చిలకలూరిపేట వైపు ఆడపిల్ల. పదో తరగతి పాసైన ఏడాదే పెళ్ళి చేశారు. అత్తగారింటికి ఆరెకరాల మిరప, రెండెకరాల పత్తి. నారు పోయించడం దగ్గర్నుంచి కోల్డ్ స్టోరేజీకి టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, పంపించేదాకా అన్నీ ఈమే. కాయ కోతకొచ్చిన రోజుల్లో ఒకసారి ట్రాక్టరు డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేస్తే, మూడు రోజుల్లో ట్రాక్టరు నేర్చుకుంది. ఊళ్ళో మగాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆ వేలు తీసి, తర్వాతి వారం తమ పొలం దున్నిపెట్టమని అడిగారు. అదీ వాళ్ళ సిగ్గు.

అయితే ఈ మనిషికి ఒక దురదృష్టం ఉంది. ఈమె ఏం కొనుక్కున్నా రెండో నెలకి ఇంకొకరి చేతిలో ఉంటుంది. పొలానికి వెళ్ళడానికి స్కూటీ కొనుక్కుంటే, మరిది కొడుకు త్రినాథ్ గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడని అతనికి పంపించారు. వాతావరణం చూసుకోవడానికి మంచి ఫోను కొనుక్కుంటే, కార్యదర్శి గారికి ఫొటోలు బాగా రావాలని ఆయన తీసుకున్నాడు. ఇన్నోవా కొన్నది కూడా ఈమె పట్టుదలతోనే. లైసెన్సు తీసుకుంది. స్టీరింగు పట్టుకున్నది మాత్రం ఒక్కసారే, కారు పూజ నాడు ఫొటో కోసం. పొలానికి వెళ్ళాలంటే కూలీల ఆటోలో, పదకొండో మనిషిగా, వెనక చెక్క మీద.

ఇవన్నీ నాకు ఆవేళ తెలియవు. అందరికీ చూపించినట్టే ఆమెకీ మూడు కార్లు చూపించాను. ఎర్ర హాచ్‌బ్యాక్ చూపిస్తే ఒకటే ప్రశ్న వేసింది.

"దీన్ని చూస్తే మగాడికి తోలబుద్ధవుతుందా?"

"ఎందుకవదక్కా! ఎవరైనా మోజుపడతారు" అన్నాను గర్వంగా.

"అయితే వద్దు."

రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాకు చిరాకేసింది. "అసలు నీకేం కావాలక్కా?" అన్నాను.

"మా ఆయన అడగని బండి కావాలి" అంది. చాలా మామూలుగా అంది, మందుల కొట్లో మాత్ర అడిగినట్టు.

అప్పుడు ఆమె చూపు షెడ్డు మూలకి వెళ్ళింది. అక్కడొక పాత మారుతి ఉంది. ఒంగోలులో బ్యూటీ పార్లర్ నడిపిన శ్రీరమ్య అనే ఆవిడది. పార్లర్ మూసేసి హైదరాబాద్ వెళ్ళిపోతూ నాకు ఇచ్చేసింది. కారంతా గులాబీ రంగు. పీచు మిఠాయి రంగు అంటే సరిగ్గా సరిపోతుంది. వెనక అద్దం మీద తెల్లటి అక్షరాలతో లేడీస్ ఓన్లీ అని రాసి ఉంది. ఏడు నెలలుగా దాన్ని అడిగిన పురుగు లేదు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాడిని.

ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగింది. లోపల కూర్చుని గేర్లు వేసి చూసింది. దిగి, "ఇది ఇవ్వు" అంది.

"రంగు మార్చి, ఆ అక్షరాలు గీకేసి ఇస్తానక్కా."

"ముట్టుకున్నావంటే బండి నాకొద్దు."

ఆమె వెళ్ళిపోయాక నా దగ్గర పనిచేసే కోటేషూ నేనూ పడీపడీ నవ్వుకున్నాం. యాభై ఏళ్ళ మనిషికి ఇదేం పిచ్చి అనుకున్నాం. పిచ్చివాళ్ళం మేమని నాకు తర్వాత అర్థమైంది. పదిహేడేళ్ళలో నా షెడ్డుకొచ్చిన వాళ్ళందరిలో తనకేం కావాలో తెలిసి వచ్చింది ఆమె ఒక్కతే.

ఆ బండి అచ్చంగా ఆమె అనుకున్నట్టే పనిచేసింది. రామాంజనేయులు గారు మొదటి రోజే "ఛీ ఛీ, ఆ దరిద్రాన్ని ఇంటి ముందు పెట్టకు, వెనక గొడ్ల చావిడి పక్కన పెట్టుకో" అన్నాడట. ఆమె ఎంతో బాధపడినట్టు మొహం పెట్టి చావిడి పక్కన పెట్టుకుంది. బావలూ మరుదులూ దాని వైపు తిరిగి చూడలేదు. తాళంచెవి మేకుకి వేలాడుతున్నా ముట్టుకున్నవాడు లేడు. పొద్దున్నే పొలానికి, పొలం నుంచి పురుగుమందుల కొట్టుకి, అక్కడి నుంచి బ్యాంకుకి ఆమె ఒక్కతే తిరిగేది. నా షెడ్డు ముందు నుంచి వెళ్ళేటప్పుడు అవసరం ఉన్నా లేకపోయినా హారన్ కొట్టేది. ఒకరోజు టైర్లలో గాలి పట్టించుకోవడానికి ఆగి, "నిన్న ఊరికే గుండ్లకమ్మ వంతెన దాకా వెళ్ళొచ్చాను మాలిక్" అంది.

"ఏం పని మీదక్కా?"

"పనేం లేదు. నీళ్ళు చూసి వచ్చాను. పని లేకుండా బయటికి వెళ్ళడం నా జన్మలో ఇదే మొదలు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఉన్న సంతోషం నేను ఏ నల్ల కళ్ళద్దాల వాడి మొహంలోనూ చూడలేదు.

ఆ సంతోషాన్ని పాడుచేసింది త్రినాథే. స్కూటీ తీసుకుపోయినవాడే. ఫిబ్రవరిలో ఊరికొచ్చి, కళ్ళంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల మధ్య ఆ గులాబీ కారు ఆగి ఉండటం చూసి రీల్ తీసి పెట్టాడు. ఎనిమిది లక్షల మంది చూశారట. ఇంకేముంది, ఛీ ఛీ అన్న నోళ్ళన్నీ తిరగబడ్డాయి. నరసరావుపేట నుంచి ఒక ఫొటోగ్రాఫర్ వచ్చి, పెళ్ళి కాబోయే జంటలని ఆ కారులో కూర్చోబెట్టి మిరప కళ్ళంలో ఫొటోలు తీస్తానన్నాడు. ఎండలో, ఆ ఘాటులో, గౌను వేసుకున్న పెళ్ళికూతురు కళ్ళలో నీళ్ళతో నవ్వుతుంటే అది ప్రేమట. రామాంజనేయులు గారు తాళంచెవి మేకు మీద నుంచి తీసి జేబులో వేసుకున్నాడు. గొడ్ల చావిడి పక్క నుంచి కారు ఇంటి ముందుకొచ్చింది. "మా పింకీ" అని పేరు కూడా పెట్టాడు.

ఇందులో నా వెధవతనం కూడా ఉంది, దాచుకోను. ఆయన బండి తీసుకొచ్చి, "మాలిక్, దీనికి మంచి మ్యూజిక్ సిస్టం పెట్టు, సీట్లకి తెల్ల కవర్లు వెయ్యి, ఏసీ గట్టిగా కొట్టేలా చూడు" అంటే, కిమ్మనకుండా అన్నీ చేసి ఇచ్చాను.

వారం తర్వాత కోటిరత్నం గారు వచ్చింది. కూలీల ఆటోలో వచ్చింది. దిగుతూనే నన్ను పట్టుకుంది.

"ఆ బండి ఎవరి పేరు మీద రాసిచ్చావు మాలిక్?"

"నీ పేరు మీదేనక్కా."

"మరి పాటల పెట్టె పెట్టేముందు నన్నొక మాట అడగాలని నీకు తోచలేదా?"

నేను తల దించుకున్నాను. ఆమె స్టూలు మీద కూర్చుంది. కోత సగంలో ఉంది. కూలీలు ఎదురుచూస్తున్నారు. ఆమె ఆటో కోసం రోడ్డు మీద గంట నిలబడుతోంది. కారు మాత్రం టీకొట్టు ముందు నిలబడుతోంది.

"స్టార్ట్ కాకుండా ఒక దొంగ స్విచ్ పెట్టనా అక్కా? నీకు తప్ప ఎవరికీ తెలియదు" అన్నాను, పాపం కడుక్కుందామని.

"వద్దు. పాడైందంటే అమ్మిపారేస్తాడు. బండి బాగానే ఉండాలి. ఆయనకే పనికిరాకూడదు." కాసేపు ఆలోచించి లేచింది. "తాలు కాయలు ఇంకా కళ్ళంలోనే ఉన్నాయి. ట్రాక్టరుకి మళ్ళీ డీజిలు దండగ" అంది నాతో కాదు, తనలో తనే. నాకేం అర్థం కాలేదు.

తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. ధర ఉండదుగానీ ఘాటుకి లోటుండదు. ఆమెది తేజ రకం, అసలే నిప్పు. మర్నాడు తెల్లారకముందే, ఆయన లేవకుండానే, ఆమె ఆ తాలు కాయల్ని చిరిగిన గోతాల్లో కుక్కి పింకీలో కళ్ళం నుంచి ఇంటికి మూడు సార్లు తోలింది. వెనక సీటు నిండా, డిక్కీ నిండా, ముందు సీటు కింద కూడా. గింజలూ పొడీ తెల్ల కవర్ల కుట్లలోకి, కాళ్ళ పట్టాల కిందకి, ఏసీ గాలి వచ్చే సందుల్లోకి దూరాయి. తర్వాత గోతాలు దించి, చీపురుతో పైపైన ఊడ్చి, కారుని శుభ్రంగా ఇంటి ముందు పెట్టింది. తాళంచెవి మళ్ళీ ఆయన చొక్కా జేబులోనే వేసింది.

ఆ రోజు పదకొండు గంటలకి నేను షెడ్డులో ఉన్నాను. పింకీ వచ్చి సరిగ్గా నా ముందే కీచుమని ఆగింది. నాలుగు తలుపులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. మండల మిర్చి రైతుల సంఘం కార్యదర్శి గారు, కోశాధికారి గారు, ఇంకో ఇద్దరు సభ్యులు రోడ్డు మీద పడ్డారు. ఎండకి అద్దాలు ఎత్తేసి ఏసీ వేశారట. తుమ్ములు, దగ్గులు, కళ్ళ వెంట ధారలు. ఇస్త్రీ చొక్కాలతో ముక్కులు తుడుచుకుంటున్నారు. "నీళ్ళు, నీళ్ళు రా మాలిక్" అని కార్యదర్శి గారు కాలవ గట్టు పట్టుకుని కూలబడ్డాడు. ఎన్నేళ్ళుగా టీవీల్లో చెబుతున్న రైతు కన్నీళ్ళు నేను స్వయంగా చూడటం అదే మొదటిసారి.

బిందెడు నీళ్ళు ఇచ్చాను. ఆటోలు ఆపుకుని నలుగురూ మొహాలు దాచుకుని కూర్చున్నారు. పోయేముందు ఆయన తాళంచెవి నా కాళ్ళ దగ్గరకి విసిరేశాడు.

"దానికి ఫోన్ చేసి చెప్పు, వచ్చి తోలుకుపొమ్మని. ఇంకెప్పుడూ ఆ పెంట నా కంటపడకూడదు. మనిషన్నవాడు కూర్చుంటాడా అందులో!"

ఫోన్ చేశాను. గంటలో వచ్చింది. అప్పటికి నేను తలుపులన్నీ తెరిచిపెట్టి, మొహానికి తువ్వాలు కట్టుకుని పట్టాలు దులుపుతున్నాను. అయినా తుమ్ములు ఆగడం లేదు. చేతులు భగభగ మండుతున్నాయి.

"నువ్వు జరుగు మాలిక్" అని ఆమె తాళంచెవి తీసుకుని లోపల కూర్చుంది. తలుపులన్నీ వేసుకుంది. అద్దం సగం ఎత్తింది. తుమ్ము లేదు, దగ్గు లేదు. ఊపిరి గుండెల నిండా పీల్చుకుని సీటు ముందుకి జరుపుకుంది. నేను నోరెళ్ళబెట్టి చూస్తున్నాను.

"అక్కా, నీకు ఘాటు తగలట్లేదా?"

ఆమె ఇంజను స్టార్ట్ చేసింది. వెంటనే కదలలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని నా వైపు చూసింది. నవ్వలేదు.

"ముప్పైమూడేళ్ళుగా కళ్ళంలో కూర్చుంటున్నాను మాలిక్. చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూడా కూర్చున్నాను. ఘాటు తగులుతోందా అని ఇన్నేళ్ళలో నన్నడిగింది నువ్వొక్కడివే."

ఆమె గేరు వేసి కూలీల దగ్గరకి వెళ్ళిపోయింది.