తిప్పి కట్టిన పటకా

షూటింగ్ ప్యాంటు మామూలు ప్యాంటు కాదు. మందపాటి కాన్వాసు, మోకాళ్ళ దగ్గర రబ్బరు అతుకులు. విప్పి నేలమీద పెడితే తనంతట తానే నిలబడుతుంది. యూనివర్సిటీ స్టోర్ నుంచి నాకిచ్చింది నాకన్నా ఒక సైజు పెద్దది కాబట్టి బెల్టు లేకపోతే జారుతుంది. ఆ బెల్టు పెట్టుకోవడానికి ఒక వరస ఉంది. నిటారుగా నిలబడి, ఊపిరి సగం వదిలి, నడుము సన్నగా ఉన్నచోట కాకుండా తుంటి ఎముక పైఅంచు మీద దాన్ని కూర్చోబెట్టాలి. బిగించాక ఒక వేలు దూరాలి, రెండో వేలు దూరకూడదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఎయిర్ రైఫిల్ నిలబడి కాల్చాలి. ఆ బరువును ఎడమ చెయ్యి మోయదు. మోచెయ్యి తుంటి మీద ఆనుతుంది, ఎముక మోస్తుంది. మోచేతికీ ఎముకకూ మధ్య ఉండేది ఆ బెల్టే. అది కొంచెం జరిగినా పది మీటర్ల అవతల గుండు ఇంకోచోట పడుతుంది.

మా ఇంట్లో దాన్ని పటకా అంటారు. నేను కట్టుకునేది కొట్లో కొన్నది కాదు. అది మా జేజినాయనది, అంటే మా నాయనకు నాన్నది అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ విన్నాను. ముదురు గోధుమరంగు తోలు, వాడి వాడి పలచబడింది. ముందు ఇత్తడి బిళ్ళ. బిళ్ళ మీద నిలబెట్టిన కత్తి, కత్తి మొన పైన ఒక పువ్వు. అది మా వంశపు గుర్తు.

రాయలసీమలో మా వాళ్ళకు ఒకప్పుడు చాలా ఉండేది. ఏమేమి ఉండేదో చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒక్కటి చెబుతాను. రెండు తుపాకులుండేవి. ఏదో ఎన్నికల ముందు అందరితో పాటు పోలీస్ స్టేషన్లో అప్పగించారు. తిరిగి తెచ్చుకోవాలంటే అక్కడి బెంచీ మీద కూర్చుని పిలిచేదాకా ఆగాలి. జేజినాయన ఆ బెంచీ మీద కూర్చోలేదు. తుపాకులు తిరిగి రాలేదు. మిగతావి కూడా దాదాపు అలాగే పోయాయి. ఇప్పుడు మా నాయన ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. తార్నాకలో రెండో అంతస్తులో అద్దెకుంటాం. సిటీ బస్సులో సీటు దొరికినా నాయన వీపు ఆనించి కూర్చోడు.

మాది నడుము వంచని వంశమని మా నాయన చెబుతుంటాడు. బళ్ళో చేరాకే నాకు తెలిసింది, బయటివాళ్ళు ఆ మాటను సోమరిపోతుల గురించి వాడతారని.

షూటింగ్ నేర్పిన కోచ్ సార్‌కు కూడా నా వీపుతోనే పేచీ. నిలబడి కాల్చేటప్పుడు నడుము వెనక్కి వంచి, తుంటిని ముందుకు తొయ్యాలి. నేను వంచలేకపోయేదాన్ని.

"కర్ర మింగినట్టు నిలబడతావేంటమ్మా? జెండా వందనమా ఇది? నడుం వంచు!" అని రేంజి అంతా వినబడేలా అరిచేవారు.

"వంచాను సార్."

"ఏది? నాకు కనబడకుండా వంచావా?"

అయినా నా గుళ్ళు గురి కాగితం మీద తొమ్మిదో వలయంలోనో, నడిమధ్య పదిలోనో పడేవి. కాబట్టి ఆయన ఊరుకునేవారు.

పటకాతో చిక్కు ఒక్కటే. అది నాకు చాలా పెద్దది. ఉన్న బెజ్జాలు పనికిరాలేదు. మెట్రో స్టేషన్ మెట్ల కింద కూర్చునే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని నా నడుము వైపు చూస్తూ కొలిచి, జానెడు పైగా మిగిలిన కొసను పట్టుకుని ఊపాడు.

"గింత తోకెందుకు మేడం? కోసేస్త. మంచిగ కూసుంటది."

"కొయ్యొద్దు. బెజ్జాలు కొట్టండి చాలు."

"తోక పెద్దగుంటే ఎవలో ఒకలు తొక్కుతరు మేడం," అని నవ్వి, మూడు బెజ్జాలు కొట్టి ఇచ్చాడు.

మిగిలిన కొసను ప్యాంటు లూపుల్లోంచి ఎడమవైపుగా వెనక్కి తోసేదాన్ని. పైన కోటు వేసుకుంటే ఎవరికీ కనబడేది కాదు. నాలుగు నెలలు అలాగే ప్రాక్టీసు చేశాను.

యూనివర్సిటీ జట్టు ఎంపిక రోజు వచ్చింది. నలుగురిని తీసుకుంటారు. వయసు నిబంధన ప్రకారం నాకు అదే చివరి అవకాశం. ముందురోజు నాయన చింతపండుతో బిళ్ళ తోమి పెట్టాడు. "ఫొటోలో బిళ్ళ కనబడల్ల పాపా," అన్నాడు. జట్టులోకి వస్తే కదా ఫొటో అని నేను అనలేదు. మా ఇంట్లో అలాంటి మాట అనరు.

కాల్చే ముందు సామాను పరీక్ష ఉంటుంది. రేంజి షెడ్డు గుమ్మం పక్కన బల్ల వేసుకుని, అంబర్‌పేట నుంచి వచ్చే ఒక పెద్దాయన కూర్చున్నాడు. కోటు, ప్యాంటు, బూట్లు, బెల్టు అన్నీ కొలిచి ముద్ర వేస్తాడు. ఆ ముద్ర లేకపోతే లోపలికి పోనివ్వరు. నా వంతు వచ్చేసరికి మా బ్యాచికి ఇరవై నిమిషాలుంది.

పటకా తోలును కొలిచాడు. "మందం ఓకే. వెడల్పు ఓకే. కట్టుకొని పొజిషన్ల నిలబడు."

కట్టుకుని, ఎడమ మోచెయ్యి తుంటికి ఆనించి నిలబడ్డాను. ఆయన లేచి వచ్చి మోచెయ్యి కింద వేలు పెట్టాడు.

"ఏందమ్మా గిది?"

"బెల్టు చివర సార్."

"చివర గాదు, తోక. గీ మోచెయ్యి కింద రెండు పొరలైతున్నది. గీడ బెల్టు డబుల్ ఉండొద్దు. రూల్ సదువలే?"

చదివాను. మందం మూడు మిల్లీమీటర్లు దాటకూడదని చదివాను, కొలిచాను కూడా. ఎడమ మోచెయ్యి కింద బెల్టు మడత పడకూడదన్న వాక్యం కూడా చదివాను. కానీ అది మోసం చేసేవాళ్ళ కోసం రాసిందనుకున్నాను.

ఇంతలో ఆయన కళ్ళు బిళ్ళ మీద పడ్డాయి. ముఖం విప్పారింది.

"అరే! బిళ్ళ బంట్రోతు పటకా గదా ఇది! నీకు యాడ దొరికింది?"

నా వెనక వరసలో ఎవరో అడిగారు. "బంట్రోతు అంటే ఏందే?"

"ప్యూనే."

నవ్వులు వినబడ్డాయి. నా చెవులు కాలాయి.

"అది మా తాతగారిది," అన్నాను. "ఆయన బంట్రోతు కాదు. బంట్రోతులను పెట్టుకున్నవాడు."

"గట్లనా," అన్నాడాయన. ఏమీ నొచ్చుకోలేదు. "మా నాయిన బంట్రోతే, కలెక్టరాఫీసుల. పొద్దుగాల్నే బిళ్ళ తోమేది నేనే, చింతపండు వెట్టి." వెంటనే గడియారం చూసుకున్నాడు. "ఇగో, కత్తెరున్నది. కోస్తవా? లేకుంటే ఎవలదన్న అడిగి తెచ్చుకో. పది నిమిషాల్ల బల్ల బంద్."

కొయ్యడం నావల్ల కాదు. అడగడం అంతకన్నా కాదు. తర్వాతి బ్యాచి అమ్మాయిల సంచుల్లో బట్ట బెల్టులు కనబడుతూనే ఉన్నాయి. ఒక్కమాట అంటే ఎవరైనా ఇచ్చేవాళ్ళే. పటకా విప్పి, చుట్టచుట్టి, సంచిలో పెట్టి బయటికి నడిచాను. జారుతున్న ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని తలెత్తి నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మెట్ల దగ్గర కోచ్ సార్ ఎదురొచ్చారు. "ఎటు?"

"ఇంటికి సార్."

"వచ్చే ఏడు లేదు నీకు. తెలుసా?"

"తెలుసు సార్."

ఆయన దారి ఇవ్వకుండా అక్కడే నిలబడ్డారు. తిట్టి ఉంటే వెళ్ళిపోయేదాన్నేమో. బల్ల దగ్గర్నుంచి పెద్దాయన కేక వేశాడు.

"ఓ బిళ్ళ పటకా! గింత కోపమైతే ఎట్లనమ్మా? ఇటు రా. తిప్పి కట్టు. కుడిదిక్కు నుంచి ఎక్కియ్యి. తోక కుడి తుంటి మీదికి పోతది. కుడిదిక్కు ఉంటె తప్పు లేదు."

అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. తట్టిన మరుక్షణం ఇంకోటి కూడా తట్టింది. పటకా తిప్పి కడితే బిళ్ళ తలకిందులవుతుంది. కత్తి మొన కిందికి, పువ్వు దాని కింద.

"గుర్తు తిరగబడుతుంది సార్."

"అయితె అయితది. కోటు కింద ఎవలు జూస్తరు? ఆరు నిమిషాలు."

పటకా తీశాను. ఎప్పుడూ ఎడమ చేత్తో లాగే కొసను కుడి చేత్తో లాగాలి. ఒక లూపు తప్పిపోయింది. మళ్ళీ మొదటినుంచి ఎక్కించాను. ఊపిరి సగం వదిలి బిగించాను. ఆయన నా ఎడమ మోచెయ్యి కింద వేలు పెట్టి, తీసి, ముద్ర కొట్టాడు.

కష్టం అక్కడితో తీరిందనుకున్నాను. లెక్కకు రాని గుళ్ళు కొన్ని ముందు కాల్చుకోనిస్తారు. మొదటిది కింద ఎనిమిదిలో పడింది. రెండోదీ అక్కడే. మూడోది ఇంకా కింద. తీగ మీద ముందుకొచ్చిన గురి కాగితం చూశాక సంగతి అర్థమైంది. నాలుగు నెలలుగా నా మోచెయ్యి రెండు పొరల తోలు మీద ఆని ఉంది. ఇప్పుడు ఒక పొర లేదు. తుపాకి ఆ మేరకు దిగింది. అంటే ఈ నాలుగు నెలల తొమ్మిదుల్లో, పదుల్లో ఆ తోకకూ వాటా ఉంది. తెలియక చేసినా, మోసగాళ్ళ కోసం రాసిన ఆ వాక్యం నాకోసం కూడా రాసిందే.

చేత్తో ఎత్తి పట్టుకుంటే పది గుళ్ళకే కండరం అలిసిపోతుంది. ఇంకా అయిదు నిమిషాలుంది. తుపాకి స్టాండు మీద పెట్టి కోటు కింది గుండీలు విప్పాను. పటకా ఒక బెజ్జం వదులు చేసి, తుంటి ఎముక మీద వేలెడు పైకి జరిపి, మళ్ళీ బిగించాను. అప్పుడు తల వంచి చూస్తే బిళ్ళ కనబడింది. కత్తి నిటారుగా ఉంది, పువ్వు పైన ఉంది. క్షణం పాటు ఏమీ అర్థం కాలేదు. తిప్పి కడితే ఎదుటివాళ్ళకు తలకిందులు, కట్టుకున్నవాళ్ళకు తిన్నగా. నాలుగు నెలలు నేను దాన్ని తలకిందులుగానే చూశానన్నమాట.

నాలుగో గుండు తొమ్మిది, ఇంకా కిందే. ఇక మిగిలింది ఒక్కటే. తుంటిని ముందుకు తోశాను. వీపు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఆగనివ్వలేదు. నడుము వెనక్కి వంచాను. వెన్నులో ఏదో పట్టు వదిలినట్టయింది. ముందుకొచ్చిన తుంటి ఎముక మోచేతిని పైకి నెట్టింది. తుపాకి తనంతట తానే లేచి నల్లటి చుక్క మీద నిలబడింది. అయిదో గుండు పది.

తర్వాత అరవై గుళ్ళు. వాటి గురించి చెప్పడానికేమీ లేదు. మధ్యలో ఒక ఏడు పడింది, అప్పుడు మాత్రం చెమట కళ్ళలోకి కారింది. ఫలితాల కాగితం అంటించినప్పుడు నా పేరు నాలుగోది. అయిదో అమ్మాయికీ నాకూ మధ్య ఒక్క పాయింటు. ఆ అమ్మాయి నా పక్కనే నిలబడి కాగితం చదివింది. ఆమె సంచిలో బట్ట బెల్టు ఉందని నాకు తెలుసు. అడిగి ఉంటే ఇచ్చేది.

కోటు గుండీలు విప్పి నలుగురం ఫొటో దిగాం.

సాయంత్రం నాయన ఆఫీసు నుంచి వచ్చి, ఫోన్లో ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. నా ముఖం మీద కాదు, బిళ్ళ మీద.

"తలకిందులుండాదే?"

జరిగింది చెప్పాను. పెద్దాయన అన్న మాట కూడా చెప్పాను. నాయనకు కోపం వస్తుందనుకున్నాను, రావాలని కూడా అనుకున్నాను. ఆయన ఫోను పక్కన పెట్టి, గోడమీది జేజినాయన ఫొటో వైపు చూశాడు.

"ఆయప్ప చెప్పింది నిజమే."

"ఏది?"

"చూడు ఆ నడుము. నీ మాదిరే సన్నం. ఆ పటకా ఆయనకూ జానెడు పైగా మిగులుతాది. మన గుర్తు మనమెందుకు కట్టుకుంటాం పాపా? మన మనుషులకు కడతాం. అది జేజినాయన వెనక తుపాకి మోసిన మనిషిది. పని మానేసి పోయేనాడు విప్పి గడప మీద పెట్టి పోయినాడు. వంగి తీసుకున్నది జేజినాయనే. నేను చూసినా."

"మరి జేజినాయనదని ఎందుకు చెప్పినావు?"

నాయన ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. వీపు ఎప్పటిలాగే నిటారుగా ఉంది.

"ఇంట్లో మిగిలింది అదొక్కటే కదమ్మా," అన్నాడు.

మర్నాడు ప్రాక్టీసుకు వెళ్తుంటే మెట్రో మెట్ల కింద చెప్పులు కుట్టే ఆయన అడిగాడు. "ఏం మేడం, కోస్తనా తోక?"

"వద్దు," అన్నాను. కొయ్యడానికి అది నాది కూడా కాదని ఆయనకు చెప్పలేదు.

ఇప్పటికీ కుడివైపు నుంచే ఎక్కిస్తాను. అంబర్‌పేట పెద్దాయన రేంజికి రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ "ఏమమ్మా బిళ్ళ పటకా" అని పలకరించాడు. నమస్కారం పెట్టాను. పటకా మా తాతగారిదని ఆ రోజు నేనన్న మాట తప్పని ఆయనకు చెప్పాలి. ఇంకా చెప్పలేదు.