పళ్ళెం పట్టే చేతులు

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజన సంస్కారం ఉంటుంది. రొట్టె ముక్కలు ఒక పళ్ళెంలో, ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసులు ఇంకో పళ్ళెంలో పెడతారు. పాస్టరుగారు ప్రార్థన చేసి వాటిని సంఘపెద్దల చేతికి అందిస్తారు. పెద్దలు ఐదుగురు. అందరివీ తెల్ల చొక్కాలే. ఆ పళ్ళెం పట్టుకుని వేదిక దిగి జనం దగ్గరికి రావడానికి పట్టుమని పది అడుగులు కూడా ఉండవు. ఆ పది అడుగులు నడవాలని నేను ఎన్నేళ్ళు ఆశపడ్డానో చెప్తే నవ్వుతారు. నవ్వండి. ఇది నన్ను నేను వెనకేసుకు రావడానికి రాస్తున్నది కాదు.

నేను ఉదయగిరిలో స్థిరపడిన రిటైర్డ్ టీచరును. పుట్టింది వరికుంటపాడు దగ్గర పల్లెలో. ఎక్కువ కాలం దుత్తలూరులో పనిచేసి, హెడ్మాస్టరుగా దిగిపోయాను. బడిలో నేను వరండా మీద నడుస్తుంటే పిల్లలు లేచి నిలబడేవాళ్ళు. చర్చిలో ఎవరూ లేచేవాళ్ళు కారు. లేవాలని ఎక్కడా రాసి లేదు, నాకూ తెలుసు. అయినా ఆదివారం ఇంటికి వచ్చాక ఏదో తక్కువైనట్టు ఉండేది. మా ఆవిడ మీద ఊరికే విసుక్కునేవాణ్ణి.

మా సంఘంలో ఒకాయన ఉన్నాడు. బేల్దారి పని చేస్తాడు, ఊళ్ళో సగం గోడలు ఆయన కట్టినవే. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. మాది ఒకే పల్లె, వరసకు అన్న అవుతాడు. చిన్నప్పుడు అన్నా అనే పిలిచేవాణ్ణి. ఉద్యోగం వచ్చాక ఆ పిలుపు ఎప్పుడు పోయిందో పోయింది, ‘ఏమయ్యా’ అనడం అలవాటైంది. ఆయన మాత్రం ఏమీ అనుకోకుండా నన్ను ‘సారూ’ అనడం మొదలుపెట్టాడు.

సంఘంలో మగవాళ్ళెవరు చనిపోయినా ఒళ్ళు కడిగి, బట్టలు తొడిగి, పెట్టెలో పెట్టేది ఆయనే. వెనకటి రోజుల్లో ఆ పని ఇంటివాళ్ళే చేసుకునేవాళ్ళు. కొడుకులు, తమ్ముళ్ళు, అల్లుళ్ళు తలా ఒక చెంబు పోసేవాళ్ళు. మాలో నలుగురికి ఉద్యోగాలు వచ్చి, ఇళ్ళకు టైల్స్ వేయించుకున్నాక, అది మెల్లగా ఆ ఒక్క మనిషి మీదికి పోయింది. ఆయన్ను ఎవరూ నియమించలేదు. ఎవరింట్లోనైనా ఏడుపు వినిపిస్తే ఆయన వస్తాడని అందరం అనుకున్నాం, ఆయన వస్తూనే ఉన్నాడు.

పదకొండేళ్ళ కిందట సంఘపెద్దల ఎన్నిక జరిగింది. ఐదు స్థానాలకు ఆరు పేర్లు వచ్చాయి. వాటిలో నాది ఒకటి, ఆయనది ఒకటి. ఆయన పేరు చెప్పింది పాస్టరుగారే. పేరు వినపడగానే వెనక నుంచి చాలామంది సంతోషంగా ‘ఆమేన్’ అన్నారు. నా పేరుకు అంత గట్టిగా అనలేదు. చేతులెత్తే దాకా వస్తే మిగిలిపోయే ఆరోవాణ్ణి నేనేనని నాకు అర్థమైపోయింది. లేచి నిలబడ్డాను.

“ఆయన భక్తి మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ చేతులతో చేసే పని మనందరికీ తెలుసు. నిన్న శవాన్ని కడిగిన చేతులతో ఇయ్యాళ సంస్కారం పళ్ళెం పట్టుకుంటే, బలహీనమైన మనసు ఉన్నోళ్ళు ఇబ్బంది పడతారు. నా గురించి కాదు నేను చెప్పేది, వాళ్ళ గురించి” అన్నాను.

ముందు వరసలో కూర్చున్న ఒక రిటైర్డ్ గుమాస్తా “సారు చెప్పిందాంట్లో పాయింటు ఉండాది” అన్నాడు. పాస్టరుగారు ఏదో అనబోయేలోపే, మూడో బెంచీలో నుంచి ఆ బేల్దారి ఆయనే లేచాడు.

“సారు చెప్పింది న్యాయమే అయ్యగారూ. నా పేరు కొట్టేయండి” అని మళ్ళీ కూర్చున్నాడు.

అలా నేను పెద్దనయ్యాను. మా తాతలు దాహమేసి ఊళ్ళోకి పోతే పైనుంచి దోసిట్లోకి నీళ్ళు పోసేవాళ్ళట. ముంత ముట్టుకోనిచ్చేవాళ్ళు కారట. ఈ సంగతి మా అవ్వ ఎన్నోసార్లు చెప్పి ఏడ్చింది. ఆ అంటు లేని చోటు ఒకటి ఉందని తెలిసే వాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ చోట్లోనే, వాళ్ళ మనవణ్ణయిన నేను లేచి నిలబడి, మా మనిషి చేతులనే తప్పు పట్టాను. ఆ రోజు నాకు ఇదేమీ తట్టలేదు. ఇంటికి పోతూ కొత్త తెల్ల చొక్కా కుట్టించుకోవాలని అనుకున్నాను. ఆ పదవిలో ఉండగా సేవకుడి మనసు గురించి మూడుసార్లు వేదికెక్కి వాక్యం కూడా చెప్పాను. బాగా చెప్పానని అందరూ చేతులు కలిపారు.

రెండేళ్ళ కిందట మా నాయన ఆత్మకూరు ఆసుపత్రిలో పోయాడు. మూడు నెలలు మంచంలో ఉండడంతో వీపంతా పుండ్లు పడ్డాయి. పొద్దున పది గంటలకు అంబులెన్సు ఉదయగిరికి వచ్చింది. షామియానా వేశారు, పాటలు మొదలయ్యాయి. సంఘపెద్దలు నలుగురూ వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. నేను వాళ్ళను తప్పు పట్టలేను. ఐదోవాణ్ణయిన నేను కూడా ఎన్నో ఇళ్ళ ముందు అలానే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

ఆయన గోడ పని మీద నుంచి అలాగే వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా సిమెంటు ఉంది. కుళాయి దగ్గర సబ్బు పెట్టి చాలాసేపు రుద్దుకున్నాడు. దొడ్లో నవారు మంచం వేయించి, చుట్టూ దుప్పట్లు కట్టించి, పొయ్యి మీద నీళ్ళు పెట్టమన్నాడు. “పోయిన మనిషికి వేణ్ణీళ్ళు ఎందుకన్నా?” అన్నాడు మా తమ్ముడు.

“ఆయనకు కాదు అబ్బయా. చన్నీళ్ళు పోస్తే చూసే మీకు గుండె ఝల్లుమంటాది” అన్నాడు.

నన్ను లోపలికి రమ్మన్నాడు. నేను దుప్పటి ఇవతలే నిలబడిపోయాను. ఆ పుండ్లకు, ఆ వాసనకు భయపడ్డాను. లోపల నుంచి ఆయన గొంతు వినిపిస్తూ ఉంది. “చిన్నాయనా, కొంచెం ఇట్టా తిరుగు. అంతే. వీపు దగ్గర మెల్లగా పోస్తాలే. అయిపోయింది, ఇంకొక్క చెంబు.” మా నాయన బతికి ఉన్నప్పుడు నేను ఆయనతో అంత మెత్తగా మాట్లాడిన గుర్తు లేదు. బయటికి తెచ్చి పడుకోబెట్టినప్పుడు తల దువ్వి ఉంది, చొక్కా గుండీలు పైదాకా పెట్టి ఉన్నాయి. నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

తర్వాతి ఆదివారం నేను పళ్ళెం పట్టుకున్నాను. కన్నతండ్రిని ముట్టుకోలేని చేతులు అవి. ఆ చేతులకు ఎవరూ అడ్డం చెప్పలేదు.

నెల తర్వాత ఆయన ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని తాపీ కడుక్కుంటున్నాడు. నన్ను చూసి లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టి, నేనూ ఆ అరుగు మీదే కూర్చున్నాను.

“అన్నా, ఆ పొద్దు మీటింగులో నీ పేరుకు అడ్డం పడింది బలహీనుల కోసం కాదు. నా కోసమే” అన్నాను.

“తెలుసులే సారూ. ఇప్పుడెందుకు ఆ సంగతి?”

“తెలిసీ మా నాయనకు అట్టా చేసినావా?”

“మీ నాయనకు నీళ్ళు పోసేటప్పుడు మీరు నాకు గుర్తు రాలేదు” అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఉన్నమాట చెప్పాడు.

“ఈ తూరి నీ పేరు నేనే చెప్తాను. నువ్వు పెద్దవు కావాల” అన్నాను.

ఆయన నవ్వి రెండు చేతులూ ముందుకు చాపాడు. వణుకుతున్నాయి. “పళ్ళెం నాకిస్తే రసమంతా ఒలకబోస్తాను. తాపీనే నిలవడంలా. పదవి వద్దు గానీ, నాకు ఒక మనిషి కావాల సారూ. పోయినోళ్ళను ఒక్కణ్ణే తిప్పలేకపోతా ఉండాను. నేర్చుకునేదానికి ఎవురూ రావడంలా. మీరొస్తారా?”

నేను ఆయనకు ఒక పదవి ఇచ్చి నా మనసు తేలిక చేసుకుందామని పోయాను. ఆయన నాకు పని ఇచ్చాడు. నాకు కోపం వచ్చింది. నేనెవరు, నన్నేం అడుగుతున్నాడు అనిపించింది. ‘చూద్దాంలే’ అని చెప్పి వచ్చేశాను. మా వైపు చూద్దాంలే అంటే రానని అర్థం, అది ఆయనకూ తెలుసు. ఇంట్లో చెప్తే మా ఆవిడ ముఖం మీదే అనేసింది. “ఆయన నిన్ను ఓటు అడగలా. సాయం అడిగినాడు. దానికి ఇంత ఆలోచన ఏంది?”

ఏడాదికి పైగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ మధ్యలో సంఘంలో నలుగురు పోయారు. నాలుగిళ్ళ ముందూ కుర్చీలోనే కూర్చున్నాను. మనసు మాత్రం దుప్పట్ల వెనక ఉండేది.

పోయిన వేసవిలో ఒక శనివారం పొద్దున ఆయన ఫోను చేశాడు. తాగుడుకు పడి చర్చికి రావడం మానేసిన ఒకతను గదిలో ఒంటరిగా చచ్చిపోయి ఉన్నాడట. భార్యాపిల్లలు ఎప్పుడో వెళ్ళిపోయారు. “మనిషి భారీగా ఉండాడు సారూ. నా వల్ల కావడంలా” అన్నాడు. ఆ గొంతులో అలసట వినపడింది. చొక్కా మార్చుకోకుండానే బయలుదేరాను.

గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ఆయన చెంబు నా చేతికి ఇచ్చాడు. ముందు పాదాల మీద పోయించాడు, తర్వాత మోకాళ్ళు, తర్వాత చేతులు. తల దగ్గరికి వచ్చేసరికి వేలికొసలతో పట్టుకున్నాను. “భయపడతా పట్టుకుంటే జారిపోతాడు సారూ. చంటిబిడ్డకు లాల పోసేటప్పుడు పట్టుకున్నట్టు మెడ కింద చెయ్యి పెట్టండి” అన్నాడు. పెట్టాను. ఆ తల బరువు నా అరచేతిలో ఆనింది. అప్పుడు మా నాయన గుర్తొచ్చి, ఆపుకోలేక ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు. నీళ్ళు చల్లారిపోతున్నాయని మాత్రం చెప్పాడు.

మరుసటి రోజు మొదటి ఆదివారం. ఎప్పటిలాగే పాస్టరుగారు రసం పళ్ళెం నా చేతికిచ్చారు, మెట్లు దిగాను. మా చర్చిలో పళ్ళెం మొదటి వరసలో ఇస్తే, చేతులు మారుతూ గోడ దాకా పోయి వెనక వరసకు మళ్ళుతుంది. మడి నుంచి మడికి నీళ్ళు పారినట్టు చివరి వరస దాకా పోతుంది. మొదట ఉన్నది ఆ రిటైర్డ్ గుమాస్తానే. ముందురోజు అంత్యక్రియలకు వచ్చి, ఆ గదిలో నుంచి తడిసిన బట్టలతో నేను బయటికి రావడం చూశాడు. పళ్ళెం ముందుకు చాపగానే కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళిపోయాడు. కాసేపు నిలబడ్డాను. ఆయన పెదవులు కదలడం లేదు. పక్కతను ఒకసారి ఆయన వైపు, ఒకసారి నా చేతుల వైపు చూసి, తనూ కళ్ళు మూసుకున్నాడు. మూడో అతను తీసుకున్నాడు. రెండో వరసలో ఇంకొకరికి కూడా ఉన్నట్టుండి ప్రార్థన వచ్చింది.

వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. ఆ మాట వాళ్ళకు నేర్పింది నేనే. చెవులు మాత్రం వేడెక్కిపోయాయి, ఎప్పుడు అయిపోతుందా అనిపించింది. పళ్ళెంతో పాటు ఒక్కో వరసా దాటుకుంటూ చివరికి వచ్చాను. చిట్టచివరి బెంచీలో, గోడ పక్కన ఆయన కూర్చుని ఉన్నాడు. అందరి చేతులూ తిరిగి పళ్ళెం ఆయన దగ్గరికి వచ్చి ఆగింది.

అప్పుడు తెలిసింది నాకు. పెద్దల ఎన్నిక మీటింగుకు ముందు ఆయన మూడో బెంచీలో కూర్చునేవాడు. ఆ తర్వాత వెనక్కి వచ్చేశాడు. వయసు మీద పడింది, గాలి కోసం అనుకున్నాను. ఒకసారి ఆయన తగ్గింపుకు, అంటే వినయానికి, గుర్తుగా ఆ చివరి చోటును నా వాక్యంలో కూడా వాడుకున్నాను. అది తగ్గింపు కాదు. ఆయన ముట్టుకున్న పళ్ళెం ఇంకొకరి చేతికి పోకూడదని, ఎవరికీ కళ్ళు మూసుకునే అవసరం రాకూడదని, పదేళ్ళుగా అక్కడ కూర్చుంటున్నాడు.

పళ్ళెంలో రెండు గ్లాసులు మిగిలాయి. ఆయన ఒకటి తీసుకుని పళ్ళెం నాకు అందించబోయాడు. పెద్దలు ముందుకు పోయి, పాస్టరుగారితో కలిసి తీసుకోవాలి.

“అన్నా, ఇట్టా జరుగు” అన్నాను.

“ముందుకు పోండి సారూ, అందురూ చూస్తా ఉండారు” అన్నాడు మెల్లగా.

ఆయనకూ గోడకూ మధ్య ఉన్న కాస్త చోటులో ఇరుక్కుని కూర్చున్నాను. ఆ రెండో గ్లాసు ఆయన చేత్తోనే తీసి ఇవ్వమన్నాను. వణికే చేత్తో ఇచ్చాడు, సగం నా చొక్కా మీద ఒలికింది. మిగిలిన సగం తాగాను.