ఇసుక వెనక, కుర్చీలు ముందు

నేను రిటైరవడానికి నాలుగు నెలల ముందు, బడులకు వేసవి సెలవులిచ్చిన వారంలో, నర్సీపట్నంలో నాకు ఆఖరి పని అప్పగించారు. అసిస్టెంట్ ఇంజనీరుగా అంతవరకు నేను కట్టించినవి కాలువలు, కల్వర్టులు, సిమెంటు రోడ్లు, మంచినీటి ట్యాంకులు. ఈసారి పార్కులో డేరా సినిమా కట్టమన్నారు.

నిజంగా సినిమాలాడే హాలు కాదు. ఒకప్పుడు ఊరూరా తిరిగిన టూరింగ్ టాకీసు ఎలా ఉండేదో, జనం లోపలికి నడిచి, కూర్చుని, స్వయంగా తెలుసుకునే ఏర్పాటు. బయట టికెట్ల గది. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేరు వేరు గుమ్మాలు. పట్టపగలు కూడా లోపల చీకటిగా ఉండేలా నల్ల టార్పాలిన్ డేరా. ఒక చివర తెర, రెండో చివర గుమ్మాల మధ్య రేకుల ప్రొజెక్టర్ గది. పాత మిషను ఖాళీ పెట్టెలో కొత్త ప్రొజెక్టర్ బిగించి, చుట్టుపక్కల సంతలనూ చెరకు తోటలనూ తీసిన చిన్న చిత్రం రోజంతా తిప్పి తిప్పి ఆడించాలి.

ఒక సంగతి నేనెవరికీ చెప్పలేదు. నేను ఏనాడూ సినిమా హాల్లో అడుగు పెట్టలేదు. మాది మిషనరీ దొరల కాలం నుంచీ ఉన్న క్రైస్తవ సంఘం. బాప్తిస్మం తీసుకున్న నాడు సినిమాలకు వెళ్ళనని మాటిచ్చాను, వెళ్ళలేదు. అదొక లోటుగా ఎన్నడూ తోచలేదు. ఈ పని వచ్చినప్పుడు పాస్టరు గారిని అడిగితే, ఊరి జనం సంతోషించే చోటు కడుతున్నారు, ప్రార్థన చేసి మొదలుపెట్టండి అన్నారు. అలాగే చేశాను. ప్రార్థన చేశాను గాని, టాకీసు లోపల ఎలా ఉండేదని ఎవరినీ అడగలేదు.

టాకీసులో మూడు తరగతులుండేవని చదివాను: కుర్చీ, బెంచీ, నేల. నేల అంటే ఇసుక. డ్రాయింగులో వాటికి ఏ, బి, సి అని పేర్లు పెట్టి, ఏ తరగతిని తెర ముందూ, సి తరగతిని ప్రొజెక్టర్ గది దగ్గరా చూపించాను. సభల్లో సోఫాలు ముందు వరసలో వేస్తాం. గుడిలో సంఘ పెద్దల కుర్చీలు ప్రసంగ వేదిక పక్కనే ఉంటాయి. ఇక్కడా అంతే అనుకున్నాను. డ్రాయింగు మంజూరైంది. కాంట్రాక్టరు నూకరాజు ఇనుప కుర్చీల కాళ్ళను కాంక్రీటులో పాతేశాడు, ఇటుకల గట్టు కట్టి ఇసుక నింపాడు. ప్రారంభానికి పది రోజులుంది.

టాకీసు రోజుల జ్ఞాపకాలు చెప్పడానికి పాతవాళ్ళెవరైనా వస్తే బాగుంటుందని కబురు పెట్టాం. రోలుగుంట నుంచి పైడమ్మ గారు ఆటోలో దిగింది. వయసులో ఉండగా టాకీసులో ఆడవాళ్ళ గుమ్మం దగ్గర టికెట్లు చింపేదట. లోపలికి వచ్చి, అటూ ఇటూ చూసి, నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏటి బాబూ, కుర్సీలోలు తెర కాడా, నేలోలు ఎనకానా? ఎవుడు సెప్పేడు మీకు?"

పెద్దవాళ్ళు ముందు కూర్చుంటారు కదా అన్నాను.

"పెద్దోలు ఎనకాల కూకుంటారు బాబూ. ముందల కూకుంటే మెడ ఇరిగిపోదేటి! తెర కాడ ఇసకలో కూకునేది మాలాటోలే. ఈలలూ మాయే, ఏడుపులూ మాయే." కాసేపు నా ముఖంలోకి చూసింది. "ఓ మాటడుగుతాను, ఏటనుకోకండి. తవరెప్పుడైనా సినిమా సూసినారా?"

నూకరాజు అటు తిరిగి కొలత టేపు చుట్టడం మొదలుపెట్టాడు. చూడలేదని ఒప్పుకున్నాను. ఆవిడ నవ్వీ నవ్వీ ఇటుక గట్టు మీద కూలబడింది.

నువ్వైనా చెప్పొద్దా అని నూకరాజును అడిగాను. "కొత్త డిజైనేమో అనుకున్నానండి సార్" అన్నాడు.

"బావుంది నీ డిజైను. రేపు నెత్తికి సెప్పులు తొడిగినా డిజైనే అంతావు" అంది పైడమ్మ గారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. కాంక్రీటు పగలగొట్టాలంటే ఖర్చు పెరుగుతుంది గనక సవరించిన అంచనా తయారు చేసి, పై ఆఫీసు మంజూరు తెచ్చుకోవాలి. దానికి నెలలు పడుతుంది. ఈలోగా నేను రిటైరవుతాను, డేరా తాళం వేసి ఉంటుంది. సర్వీసులో నేను కట్టించినదేదీ కూల్చి మళ్ళీ కట్టించలేదు. ధనవంతుడికి మంచి చోటూ, పేదవాడికి కాళ్ళ దగ్గర చోటూ చూపించకూడదని ఆదివారపు బడిలో ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి. డ్రాయింగు దగ్గరకొచ్చేసరికి సోఫాల అలవాటే చేతికొచ్చింది.

నేను దిగులుగా ఉన్నానని కనిపెట్టిందేమో, పైడమ్మ గారు నన్ను ఇసుకలోకి పిలిచింది. "రండి, కూకోండి. కాళ్ళు సాపండి. ఇలాగ తలెత్తి సూడాల." ఆవిడ చెయ్యి చూపించింది తెర వైపు కాదు, మా ఎదుట ఆరడుగుల దూరంలో ఉన్న రేకుల గది వైపు. ఇసుక ఉన్నచోటే తెర ఉంటుందని ఆవిడ లెక్క.

అలాగే తలెత్తి చూశాను. ఆ గది నట్టు బోల్టుల మీద నిలబడింది. తెర పైపుల చట్రానికి కట్టిన గుడ్డ. కుర్చీలు కదలవు గాని, ఈ రెండూ కదులుతాయి. వాటిని అటుదిటు మార్చి, కుర్చీల ముఖం ఇటు తిప్పితే చాలు. కుర్చీల పై భాగం కాళ్ళకు బోల్టులతోనే బిగించి ఉంది.

ఖర్చు పెరగకపోతే పై ఆఫీసు మంజూరు అక్కర్లేదు గాని, మంజూరైన డ్రాయింగు నుంచి ఏ మార్పు చేసినా డీవియేషన్ స్టేట్‌మెంట్ రాయాలి. అందులో కారణం అనే గడి ఉంటుంది. గాలి ఒత్తిడి అని రాసెయ్యండి సార్, ఎవులు సూడొచ్చేరు అన్నాడు నూకరాజు. నా సంతకం కింద అబద్ధం ఉండకూడదని, "సినిమా హాలులో తరగతుల వరుస నాకు తెలియనందున డ్రాయింగు తప్పుగా వేశాను" అని రాశాను. నా పై అధికారి, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు మేడం గారు, ఫోన్ చేశారు. ఇలాంటి కారణం నా సర్వీసులో చదవలేదండీ అన్నారు. కాసేపు అవతల నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. సంతకం పెట్టేశాను, కానివ్వండి అన్నారు.

మూడు రోజుల్లో మార్పు పూర్తయింది. ఒకటే చిక్కు మిగిలింది. గుమ్మాలు కదలవు. ఇప్పుడవి తెరకు చెరో పక్కన ఉన్నాయి. లోపలికి వచ్చేవాళ్ళు తెర ముందు నుంచి నడిచే రావాలి. వచ్చిన ప్రతివాళ్ళూ బొమ్మకు అడ్డొస్తారని ప్రారంభం ముందు రోజంతా మథనపడ్డాను.

అడ్డొచ్చారు. బొమ్మ మొదలయ్యాక ముందుగా లోపలికి వచ్చిన మాకవరపాలెం రైతు నీడ తలపాగాతో సహా తెర మీద పడింది. ఆయన ఆగి, చెయ్యెత్తాడు. నీడా చెయ్యెత్తింది. ఇసుకలో కూర్చున్నవాళ్ళు ఈలవేశారు. ఆ తర్వాత ఊరికే లోపలికి వచ్చినవాళ్ళు లేరు. చేటలు చూపించారు, గొడుగులు విప్పారు, ఒకావిడ బుట్ట నెత్తిన పెట్టుకుని తెర మీది చెరకు తోటలో నీడై నడిచింది. బయటికి వెళ్ళి మళ్ళీ వరసలో నిలబడ్డవాళ్ళెందరో.

ఆదివారం ఆరాధన కాగానే మా సంఘమంతా వచ్చింది. పాస్టరు గారు తెర ముందు ఆగి, అలవాటు కొద్దీ అందరి వైపూ రెండు చేతులూ చాపారు. ఆ నీడ తెరనంతా కమ్మేసింది.

"బాబూ, దీవెన బేగి ముగించండి, బొమ్మ అగుపడ్డం లేదు!" అని ఇసుకలోంచి పైడమ్మ గారు కేకేసింది. అందరికంటే గట్టిగా నవ్వింది పాస్టరు గారే. నేను ఆవిడ పక్కనే, ఇసుకలో కూర్చుని ఉన్నాను.

ఆ పని నుంచి నేను నేర్చుకున్నది ఇంతే. ఒక చోటు కట్టేముందు ఆ చోట కూర్చున్నవాళ్ళను అడగాలి, అదీ అన్నిటికంటే తక్కువ టికెట్టు కొన్నవాళ్ళను. తప్పు జరిగితే కారణం గడిలో ఉన్నదున్నట్టు రాయాలి. నా తప్పేమిటో ఒప్పుకుని, ఆవిడ పిలిస్తే ఇసుకలో కూర్చున్నందువల్లే ఏది మార్చాలో, ఏది మార్చనక్కర్లేదో నాకు తేలింది.